శిథిలాలకు దిక్కయిన గులాం యజ్దానీ

శామీర్‌పేట వైపు నుండి కాలేజీకి వచ్చే మా బోటి వాళ్ళకు దారి పొడవునా గుట్టలే తోడు. మా ఊరి గుట్ట కింద పెద్ద పెద్ద బండరాళ్ళు గుండ్రంగా పేర్చినట్లు ఉండేవి. ఊళ్ళో వాటిని రాక్షసగుళ్ళు అనేవారు. చిన్నప్పుడు వాటి మీద కూర్చుని సీతాఫలాలు తిన్నామే తప్ప, అవేమిటని అడిగిన పాపాన పోలేదు. డిగ్రీలో చరిత్ర తీసుకున్న తర్వాత, అవి రెండువేల ఏళ్ళకు పైబడిన సమాధులని తెలిసింది. పరుగున వెళ్ళి చూద్దును గదా, ఒక వలయంలో సగం రాళ్ళు అప్పటికే కంకరగా మారి ఎవరి ఇంటి పునాదిలోకో పోయాయి. వాటికి ఫోటో లేదు, కొలత లేదు, కాగితం మీద ఒక్క ముక్క లేదు.

ఇటువంటి రాళ్ళను మన ప్రాంతంలో ఎవరైనా ఎప్పుడైనా పట్టించుకున్నారా అని లైబ్రరీలో వెదుకుతుంటే తగిలిన పేరు గులాం యజ్దానీ. చరిత్ర విద్యార్థులకు అజంతా పుస్తకాల మీద కనిపించే పేరే అది. ఆ పేరు వెనుక ఎంత చాకిరీ ఉందో మాత్రం మనలో చాలామందికి తెలియదు. నాకూ తెలియదు.

ఆయన హైదరాబాదీ కాదు. 1885లో ఢిల్లీలో పుట్టారు. అరబ్బీ, పారశీక భాషల్లో పండితులు. ముస్లిం శాసనాలను ప్రకటించే ప్రభుత్వ పత్రికకు చాలా ఏళ్ళు సంపాదకులు. 1914లో నిజాం ప్రభుత్వం పురావస్తు శాఖను నెలకొల్పినప్పుడు దానికి మొదటి అధిపతిగా వచ్చి, 1943 దాకా ఆ కుర్చీలోనే ఉన్నారు. ఆ శాఖ కింద ఉన్న రాజ్యం తక్కువదా! ఒక కొసన అజంతా, ఎల్లోరా. ఇంకొక కొసన ఓరుగల్లు, పాలంపేట. నడుమ బీదరు, గోల్కొండ. గుహలు, గుళ్ళు, మసీదులు, కోటలు అన్నీ ఒక్క కొత్త శాఖ నెత్తిన పడ్డాయి.

వచ్చిన మరుసటి ఏడే, 1915లో, రాయచూరు జిల్లా మస్కిలో బీడన్ అనే గని ఇంజనీరు కంటికి ఒక బండ మీద అక్షరాలు కనబడ్డాయి. అది అశోకుని శాసనం. దేవానాంప్రియుడే అశోకుడని శిలాక్షరాలలో తేల్చిన శాసనం అదే. యజ్దానీ దానిని దాచుకోలేదు. శాసన పండితులు కృష్ణశాస్త్రి గారి చేత చదివించి, ఆ ఏడాదే శాఖ ప్రచురణల్లో మొదటి పుస్తకంగా వేయించారు. దొరికినది దొరికినట్లు అచ్చులోకి ఎక్కించడం ఆయన పద్ధతి. బీరువాలో రిపోర్టులు మగ్గబెట్టే వాళ్ళను తలచుకుంటే ఆ పద్ధతి విలువ తెలుస్తుంది!

ఇక నాకు కావలసిన రాక్షసగుళ్ళు. 1917లో ఆయన దక్కను బృహత్‌శిలా సమాధుల మీద ఒక వ్యాసం వ్రాశారు. భువనగిరి దగ్గరి రాయగిరి సమాధుల్లో దొరికిన కుండల మీది గీతలను బ్రాహ్మీ లిపితో పోల్చి చూశారు. ఆ పోలిక నిలబడుతుందా లేదా అన్నది వేరే చర్చ. ఖురాను వాక్యాలు చదివే కళ్ళు పగిలిన కుండపెంకు మీది గీతను కూడా అంత శ్రద్ధగా చూశాయన్నది నన్ను కదిలించిన సంగతి.

ఆ శ్రద్ధే పాలంపేటలోనూ కనబడుతుంది. 1213 నాటి శాసనం గల రామప్ప గుడిని రేచర్ల రుద్రుడు కట్టించాడు. ఆ గుడి మీద, పక్కనున్న గుళ్ళ మీద 1922లో పటాలతో సహా సమగ్రమైన గ్రంథం తెచ్చింది యజ్దానీయే. 2021లో రామప్ప ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కినప్పుడు మనమంతా మిఠాయిలు పంచుకున్నాం గాని, ఆయనను తలచుకున్నవాళ్ళు నాకు కనబడలేదు.

అజంతా సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి. పందొమ్మిదో శతాబ్దంలో రాబర్ట్ గిల్ ఏళ్ళ తరబడి కూర్చుని అక్కడి చిత్రాలకు నకళ్ళు తీస్తే, అవి 1866లో లండన్ అగ్నిప్రమాదంలో దాదాపుగా కాలిపోయాయి. తర్వాత గ్రిఫిత్స్ తీయించిన వాటిలో కొంత భాగం 1885లో ఇంకొక అగ్నిప్రమాదానికి బలయ్యాయి. సరిగ్గా యజ్దానీ పుట్టిన సంవత్సరం! నకళ్ళు అలా పోతుంటే, గుహల్లో అసలు బొమ్మలు పెచ్చులు పెచ్చులుగా రాలుతున్నాయి.

యజ్దానీ కాలంలో నిజాం ప్రభుత్వం ఇటలీ నుండి చెక్కోనీ, ఓర్సీనీ అనే ఇద్దరు నిపుణులను రప్పించింది. 1920–22 మధ్య వాళ్ళు ఊడిపోతున్న పూతను గోడకు అంటించి, అంచులు కట్టుదిట్టం చేసి, పైన లక్కతో చేసిన వార్నిష్ పూశారు. అప్పటికి అది మంచి వైద్యమే అనుకున్నారు. కానీ రానురాను ఆ లక్క పసుపెక్కి, నల్లబడి, బొమ్మలకే ముసుగైంది. తర్వాత భారత పురావస్తు శాఖ రసాయన నిపుణులు దానిని తొలగించడానికి దశాబ్దాల పాటు తంటాలు పడవలసి వచ్చింది.

దీన్ని పట్టుకుని ఆయన శాఖను తప్పుపట్టేవాళ్ళు ఉన్నారు. తప్పు తప్పే, కాదనను. అయితే ఆ రోజు పూత రాలిపోయి ఉంటే ఈనాడు తుడవడానికి గోడ మాత్రమే మిగిలేది గదా! పైగా ఆయన గోడను నమ్మి ఊరుకోలేదు. వాసీ అనే ఛాయాచిత్రకారుని చేత రంగుల ఫోటోలు తీయించి, ఒక్కొక్క చిత్రానికీ కథ, వివరణ వ్రాసి, నాలుగు భాగాలుగా అచ్చు వేయించారు. మొదటిది 1930లో, చివరిది 1955లో వచ్చాయి. అంటే ఉద్యోగం దిగిన పన్నెండేళ్ళకు ఆ పని ముగిసింది. నల్లబడక ముందు ఆ రంగులు ఎలా ఉండేవో తెలుసుకోవాలంటే ఆ పుస్తకాలే సాక్ష్యం.

తక్కినవి చకచకా చెబుతాను. మాండూ మీద 1929లో, బీదరు మీద 1947లో గ్రంథాలు వచ్చాయి. బీదరు కోటలో మట్టి కింద పూడిపోయిన మహళ్ళను బయటికి తీయించింది ఆయన శాఖే. 1930లో హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లో మ్యూజియం వెలిసింది. 1940ల మొదట్లో కొండాపురం తవ్వకాల్లో శాతవాహనుల నాటి పట్టణం బయటపడింది. 1959లో పద్మభూషణ్ వచ్చింది. 1960లో ఆయన సంపాదకత్వంలో దక్కను ప్రాచీన చరిత్ర రెండు సంపుటాలుగా వెలువడింది. 1962లో కన్నుమూశారు.

రాజ్యం పోయింది, మన రాష్ట్రం పేరు మారింది, 2016లో మా వైపు మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా కూడా వచ్చింది. ఈ జిల్లాలోనే హస్మత్‌పేట సమాధులు ఇళ్ళ నడుమ చిక్కుకుని ఉన్నాయి. ఔటర్ రింగు రోడ్డు వచ్చాక శామీర్‌పేట, మేడ్చల్ చుట్టుపక్కల గజం భూమి ధర అందరికీ నోటికి వచ్చు; గుట్ట కింది రాళ్ళ లెక్క మాత్రం ఎవరికీ రాదు. మా నాన్నతో ఈ మాట అంటే నవ్వి, రాళ్ళకు పట్టా ఎవడిస్తాడురా అని తీసిపారేశాడు.

మొన్న సంక్రాంతి సెలవుల్లో నులకతాడు, నోటుబుక్కు పట్టుకుని గుట్ట కిందికి వెళ్ళాను. తమ్ముడు తాడు కొస పట్టుకున్నాడు. మిగిలిన రాళ్ళు పదకొండు. వాటి మధ్య దూరాలు, ఎత్తులు వ్రాసుకుని, ఫోన్‌తో నాలుగు దిక్కుల నుండీ ఫోటోలు తీశాను. ఒక కాపీ మా చరిత్ర లెక్చరర్ గారికి ఇచ్చాను, రెండోది మా ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉంది.