అటకమీది కర్మశాల

గృహస్థు లెవ్వరి యింటనైనను అటక యొకటి యుండును. విరిగిన కుర్చీకాలు, తుప్పుపట్టిన తాళము, జత తప్పిన మడతబందు, ఏనాటి యంత్రమునకో చెందిన మర, వీని కన్నిటికిని అదియే కడపటి నివాసము. ఎప్పటికైన పనికివచ్చునని యజమాని దాచును. ఎప్పటికిని పనికిరాదని యిల్లాలు పండుగ పండుగకు పారవేయబూనును. ఈ వివాదమున తీర్పు చెప్పగలవారు అరుదు. అయితే, అట్టి అటక యొకటి చరిత్ర కెక్కినది. దాని యజమాని ఆవిరియంత్రమునకు నూతనరూప మిచ్చిన జేమ్సు వాట్. విద్యుద్దీపముమీద మనము చదువు వాట్ అను కొలత ఆయన పేరే. ఆయన దాచుకొన్న వస్తువుల వెంట నడచి ఆయన జీవితమును చూచినచో, దాచదగిన దేది, విడువదగిన దేది యను ప్రశ్నకు కొంత సమాధానము దొరకును.

క్రీ.శ. 1736 జనవరి 19వ తేదీన స్కాట్లండు దేశమునందలి గ్రీనాక్ అను రేవుపట్టణమున వాట్ జన్మించెను. తండ్రి ఓడలపనివాడు, వర్తకుడును. బాలుడు రోగిష్టి యగుటచే చాలకాలము ఇంటనే చదువుకొనెను. తండ్రి పనిపాకలో ఆతనికై చిన్న పనిముట్లు వేరుగా నుండెడివి. వానితో నమూనాలు చేయుటయే ఆతని ఆట. 1753లో తల్లి మరణించెను. తండ్రి వ్యాపారమును క్షీణించెను. కొలతల పరికరములు చేయు విద్య నేర్చుటకై 1755లో వాట్ లండను చేరెను. ఆ వృత్తికి ఏడేండ్ల శిష్యరికము ఆనాటి నియమము. ఆతడు జాన్ మోర్గన్ అను పనివానికి 20 గినీలు చెల్లించి, ఒక్క యేడాదిలో కావలసినంత నేర్చుకొని, ఆరోగ్యము చెడి తిరిగివచ్చెను. 1757లో గ్లాస్గో విశ్వవిద్యాలయము తన ఆవరణలోనే ఆతనికి కొట్టుగది యిచ్చినది. అచ్చట వృత్తలేఖినులు మొదలు పిల్లనగ్రోవులవరకు ఆతడు చేయని వస్తువు లేదు. సంగీతజ్ఞానము బొత్తిగా లేకున్నను ఆర్గను వాద్యమునుగూడ నిర్మించెను.

1763-64 చలికాలమున ఆ విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్ర తరగతికి చెందిన నమూనాయంత్ర మొకటి మరమ్మతునకై ఆతనియొద్దకు వచ్చెను. గనులనుండి నీరు తోడుటకు న్యూకొమెన్ నిర్మించిన ఆవిరియంత్రమునకు అది చిన్న ప్రతిరూపము. సిలిండరు వ్యాసము 2 అంగుళములు మాత్రమే. అంతకుముందే దానిని లండనుకు పంపి బాగుచేయింపజూచిరి. అయినను సరిగా నడువలేదు. మరియొకరైనచో దానిని మూలకు నెట్టియుందురు. వాట్ దానిని వదలలేదు.

సిలిండరులోనికి ఆవిరిని పంపి, అందులోనే చన్నీరు చిమ్మి చల్లార్చుట ఆ యంత్రపు పద్ధతి. ఆవిరి నీరు కాగానే లోపల శూన్య మేర్పడును. బయటి గాలి యొత్తిడి పిస్టనును క్రిందికి నెట్టును. మరల ఆవిరిని పంపవలెనన్నచో చల్లారిన సిలిండరును తిరిగి కాచవలెను. వాట్ కొలిచి చూడగా, ఆవిరిలో సుమారు ముప్పాతిక పాలు ఆ లోహమును వేడిచేయుటకే వ్యర్థమగుచున్నదని తేలెను. అదే విశ్వవిద్యాలయమున గుప్తోష్ణమును బోధించుచున్న జోసెఫ్ బ్లాక్ ఆచార్యునివలన ఆవిరిలో అంత వేడి యెట్లు దాగియుండునో ఆతడు గ్రహించెను.

1765 మే నెలలో ఒక ఆదివారమునాడు గ్లాస్గో గ్రీన్ అను మైదానమున నడచుచుండగా ఉపాయము తట్టెను. ఆవిరిని సిలిండరులో గాక, గొట్టముతో కలిపిన వేరొక పాత్రలో చల్లార్చినచో సిలిండరు ఎల్లప్పుడును వేడిగనే యుండును గదా! దీనిని పరీక్షించుటకై క్రొత్త సిలిండరు పోతపోయించువరకు వాట్ కాచుకొని యుండలేదు. శరీరనిర్మాణ శాస్త్రజ్ఞులు వాడెడి పెద్ద ఇత్తడి పిచికారి యొకటి చేతి కందెను. దాని వ్యాసము ఒకటిముప్పాతిక అంగుళములు, పొడవు 10 అంగుళములు. అదియే సిలిండరయ్యెను. ప్రపంచపు పరిశ్రమల రూపమును మార్చిన యంత్రమునకు తొలి యాధారము ఆ పిచికారియే. వస్తువు పేరును గాక దాని ఆకారమును చూడగల కన్ను వాట్‌ది. అట్టి కన్ను గలవానికి పనికిరాని వస్తు వుండదు.

అటుపిమ్మట చిరకాలము కష్టములే. 1769లో పేటెంటు లభించెను. 1773లో భార్య మార్గరెట్ మరణించెను. మరుసటి యేట వాట్ బర్మింగుహాము చేరి, 1775లో మాథ్యూ బౌల్టన్‌తో భాగస్వామి యయ్యెను. ఆ యేటనే పార్లమెంటు ఆయన హక్కును 1800 వరకు పొడిగించెను. జాన్ విల్కిన్సన్ ఫిరంగులవలె సిలిండరులను నున్నగా తొలుచు విధము కనిపెట్టుటచే పెద్ద యంత్రములు సాధ్యమయ్యెను.

దాచుకొను స్వభావము వస్తువులతో ఆగలేదు. వ్రాసిన ప్రతి లేఖకును నకలు తీయు యంత్రమును కనిపెట్టి 1780లో దానికిని హక్కు పొందెను. తన యుత్తరముల ప్రతులను భద్రపరచెను. యంత్రముపై హక్కునుగూడ అంత గట్టిగనే పట్టుకొనెను. హార్న్‌బ్లోయర్ వంటివారు వేరొక రీతి యంత్రములు నిర్మింపగా వాట్, బౌల్టన్‌లు న్యాయస్థానమున పోరి గెలిచిరి. హెచ్చు ఒత్తిడిగల ఆవిరి ప్రమాదకరమని వాట్ దానిని తుదివరకు వ్యతిరేకించెను. ఆ మార్గమున ట్రెవితిక్ ముందడుగు వేసినది 1800లో ఆ హక్కు ముగిసిన పిదపనే. వస్తువును దాచినచో ఇంటిలో చోటు తరుగును. ఉపాయమును దాచినచో లోకమునకు ఆలస్యమగును. ఈ రెండవ దాపరికము ఆయన కీర్తికి నీడవంటిది.

హాండ్స్‌వర్త్‌లో హీత్‌ఫీల్డు అను గృహము కట్టించుకొని వాట్ 1790లో అందు ప్రవేశించెను. 1800లో వ్యాపారమునుండి విరమించిన పిమ్మట, ఇంటికప్పు క్రింది చిన్న అటకగదియే ఆయన లోకమయ్యెను. అది ఎండకాలమున కొలిమి, చలికాలమున మంచుగడ్డ. రెండవ భార్య ఆన్ శుభ్రతయందు మిక్కిలి పట్టుదల గల యిల్లాలు. ఆమె పెంపుడుకుక్కలు సైతము కాళ్ళు తుడుచుకొనిగాని లోనికి రావని జీవితకథకులు వ్రాసిరి. మసిచేతులతో, తోలు ఏప్రనుతో భర్త క్రిందికి వచ్చుట ఆమెకు గిట్టదు. అందుచే వాట్ పైననే పొయ్యి, బాణలి యుంచుకొని, పలుమారు తన వంట తానే వండుకొనెడివాడు. అటకను గూర్చిన ఆలుమగల వివాదమునకు కాలదేశములు లేవు!

ఆ గదిలో తరిమెన, ఆకురాళ్ళు, ఉలులు, గ్లాస్గోనాటి పనిముట్లు, పిల్లనగ్రోవుల ముక్కలు, సొరుగులనిండ ఖనిజములు, సీసాలనిండ రసాయనములు, ప్లాస్టరు అచ్చులు క్రిక్కిరిసి యుండెను. వాని నడుమ చిన్న పెట్టె యొకటి గలదు. వాట్ కుమార్తె జెస్సీ 1794లో మరణించెను. మిగుల తెలివిగల కుమారుడు గ్రెగరీ 1804లో, 27 ఏండ్ల ప్రాయమున, క్షయవ్యాధిచే మరణించెను. గ్రెగరీ బడిపుస్తకములును, బాల్యమున వ్రాసిన వ్యాసములును, గీసిన చిత్రములును ఆ పెట్టెలో నుంచి తండ్రి తన పనిబల్లకు చేరువగా నిలుపుకొనెను. అది యే యంత్రమునకును పనికిరాదు. అయినను ఆ గదిలో తరిమెనకంటె ముందుగా ఎవ్వరును కదలింపరానిది అదియే.

ఆ వృద్ధాప్యమున ఆయన చేతికి పని కల్పించినవి శిల్పములకు ప్రతులు చెక్కు యంత్రములు. 1802లో పారిసున పతకముల ప్రతులు తీయు యంత్రమును చూచినప్పటినుండి ఆ తలంపు మొదలయ్యెను. మూలమంత ప్రతి నిచ్చునది యొకటి, దానిని చిన్నది చేసి చెక్కునది మరియొకటి, ఈ రెంటినే ఏండ్లతరబడి సవరించెను. తానింకను శిక్షణలో నున్న బాలశిల్పి నని పరిహాసమాడుచు, చెక్కిన ప్రతిమలను మిత్రులకు పంచెను. వీనికి పేటెంటు తీసికొననే లేదు.

1819 ఆగస్టు 25వ తేదీన వాట్ కన్నుమూసెను. అటకగదికి తాళము పడినది. 1853లో ఒక జీవితకథకుడు లోనికి పోయి చూడగా పొయ్యిలో బూడిదయు నట్లే యుండెను. 1924లో వస్తువులనే గాక, తలుపు, కిటికీ, నేలపలకలతోగూడ ఆ గదిని లండను విజ్ఞానవస్తు ప్రదర్శనశాలకు తరలించిరి. లెక్కింపగా వస్తువులు 8,400కు మించెను. 2011లో దానిని క్రొత్తగా ప్రజల దర్శనమునకు నిలిపిరి. అప్పుడు ముక్కలుగా నున్న యొక పాత ప్లాస్టరు అచ్చును లేసరు కిరణములతో కొలిచి చూడగా, అంతవరకు ఎవరికిని తెలియని ప్రతిమ యొకటి బయటపడెను. అది వాట్ ముఖమే.

ఇంత వినిన పిమ్మట, ఏదియు పారవేయరాదని యెవ్వరైన భ్రమపడవచ్చును. అది సరి కాదు. పిచికారికి విలువ వచ్చినది దాచినందున గాదు, వాడినందున. ఆ 8,400 వస్తువులలో ఏ ముక్క యే పనికై యుంచబడెనో చెప్పగల చేయి 1819లో పోయినది. నాటినుండి వానిలో ననేకము మూగవే. కావున మన అటక నెక్కినప్పుడు ప్రతి వస్తువును అడుగవలసిన దొక్కటే: దీనిని వాడు చేయి యిచ్చట నున్నదా? ఉన్నచో ఉంచుదము. లేనిచో, ఊరిలో గడియారము విప్పి చూచు కుతూహలముగల బాలుడెవ్వడో యుండును. అది వానిచేతిలో పడుటయే దానికి పునర్జన్మ. ఇక గ్రెగరీ పెట్టెవంటి దొకటి యుండినచో దాని నేమియు నడుగక, దుమ్ము తుడిచి, ఉన్నచోటనే యుంచుదము.