పైరుల పుట్టినిండ్లు వెదకిన వావిలోవ్

మనము తిను ప్రతి గింజకును ఒక పుట్టినిల్లు కలదు. వంకాయ మన దేశపు ఆడపడుచు. మిరపకాయ అమెరికా ఖండమునుండి వచ్చిన కోడలు. వేరుశనగయు అట్లే సముద్రములు దాటి వచ్చి మన నేలలో స్థిరపడినది. ఈ సంగతి నేడు బడిపిల్లలకును తెలియును. కాని ఆ పుట్టినిండ్లను వెదకుచు ఖండఖండాంతరములు తిరిగి, దొరికిన విత్తునెల్ల మానవజాతి ఆకలి తీర్చుటకై భద్రపరచిన ఒక మహనీయుడు తుదకు చెరసాలలో తిండి లేక మరణించెనని ఎరిగినవారు తక్కువ. ఆయన నికొలాయ్ ఇవానోవిచ్ వావిలోవ్. జన్యుమార్పిడి పంటలను గూర్చి నేడు ఇంటింట జరుగు చర్చలలో ఆయన పేరు అరుదుగా వినవచ్చును. ఆయన భావములు మాత్రము ఆ చర్చకు పునాదిలో ఉన్నవి.

వావిలోవ్ 1887వ సంవత్సరము నవంబరు 25వ తేదీన మాస్కో నగరమున జన్మించెను. తండ్రి రైతు కుటుంబమున పుట్టి, నగరమునకు వచ్చి, వస్త్రవ్యాపారమున వృద్ధికి వచ్చినవాడు. బాలునికి నాలుగేండ్లు నిండకముందే, 1891లో, వోల్గా నదీప్రాంతమున ఘోరమైన క్షామము సంభవించెను. లక్షలాది జనులు ఆకలికిని, దాని వెంట వచ్చిన వ్యాధులకును బలియైరి. ఆ యేడే పుట్టిన తమ్ముడు సెర్గేయ్ భౌతికశాస్త్రమున ప్రసిద్ధుడయ్యెను. అన్న మాత్రము మట్టిని, మొక్కను నమ్ముకొనెను.

మాస్కో వ్యవసాయ విద్యాలయమున 1911లో చదువు ముగించి, 1913లో అతడు ఇంగ్లండునకు వెళ్ళెను. అచట విలియం బేట్సన్ అను పండితుని సన్నిధిని పనిచేయు భాగ్యము లభించెను. మెండెల్ అను సన్యాసి బఠాణీ మొక్కలపై పరిశోధించి 1866లో ప్రకటించిన అనువంశిక సూత్రములు 1900 వరకు మరుగుపడియుండి, అప్పుడే వెలుగులోనికి వచ్చి శాస్త్రలోకమును కదలించుచుండెను. ఆ విద్యకు ఆంగ్లమున నామకరణము చేసినవాడు బేట్సనే. పైరులకు వచ్చు తెగుళ్ళను తట్టుకొను శక్తి సయితము తల్లి మొక్కనుండి పిల్ల మొక్కకు సంక్రమించునని వావిలోవ్ గ్రహించెను. అట్లయినచో ఆ శక్తి గల మొక్కలు ఏ కొండలోనో, ఏ మూల పొలములోనో ఉండవలెను. వానిని వెదకి తెచ్చి, మన పైరుతో కలిపి, కొత్త వంగడము తీయవచ్చును. ఆయన జీవితమంతయు ఈ ఒక్క ఆలోచనకు వ్యాఖ్యానము.

1916లో పర్షియా సరిహద్దున నున్న రష్యా సైనికులు రొట్టె తిని తల తిరిగి పడిపోవుచుండిరి. కారణము కనుగొనుటకు వావిలోవ్‌ను పంపిరి. గోధుమ చేలలో పెరుగు ఒక విషపు కలుపుగడ్డి గింజలు పిండిలో కలియుటయే కారణమని అతడు తేల్చెను. పని ముగిసినను వెనుకకు రాక, అచటనుండి పామీరు పర్వతములకు సాగెను. ఆ త్రోవలో అతనికి ఒక వింత కనబడెను. పల్లపు నేలలలో గోధుమలో కలుపుగా మొలచు రై అను ధాన్యము, పైకి పోయినకొలది బలపడుచుండెను. చలికి గోధుమ క్రుంగిపోగా, తుదకు మిక్కిలి ఎత్తున రైతులు రైనే పంటగా కోయుచుండిరి. పెరికి పారవేసిన కలుపే అన్నము పెట్టు పైరైనది. మానవుడు నాగలి పట్టిననాటినుండి, తెలిసియో తెలియకయో, మొక్కల స్వభావమును మార్చుచునే యున్నాడని వావిలోవ్ అప్పుడు కన్నులార చూచెను.

1917లో అతడు వోల్గా తీరమునందలి సరాతోవ్ నగరమున ఆచార్యుడయ్యెను. విప్లవము, అంతర్యుద్ధము, కరవు చుట్టుముట్టియున్న దినములవి. 1920లో అచట జరిగిన సస్యప్రజనన శాస్త్రజ్ఞుల సభలో అతడు ఒక సిద్ధాంతమును ప్రతిపాదించెను. దగ్గరి చుట్టములైన పైరులలో మార్పులును ఒకే వరుసలో కనబడునని దాని సారము. గోధుమలో మీసములు గల కంకులును, మీసములు లేని కంకులును ఉన్నచో, యవలలోను, రైలోను అట్టివి ఉండితీరవలెను. ఇంతవరకు కానరాకున్నచో వెదకవలెను. ఆ సభలోనివారు అతనిని రసాయన మూలకములకు పట్టిక కూర్చిన మెండెలేయెవ్‌తో పోల్చిరి. ఒక మొక్కలో కనుగొన్న గుణమును చుట్టపు మొక్కలోను వెదకుట, లేనిచో కల్పింపజూచుట నేటి ప్రయోగశాలలలో నిత్యకృత్యము. దానికి త్రోవ చూపినవారిలో వావిలోవ్ అగ్రగణ్యుడు.

1921లో పెట్రోగ్రాడు నగరమునందలి సస్యశాస్త్ర సంస్థ ఆయన చేతికి వచ్చెను. లెనిన్‌గ్రాడు అని పేరు మారిన ఆ నగరమునుండియే ఆయన మహాయాత్రలు సాగెను. 1924లో ఆఫ్ఘనిస్థానము, 1926-27లలో మధ్యధరా తీరదేశములును అబిసీనియాయు, 1929లో పశ్చిమ చైనా, జపాను, కొరియాలు, 1930లో మెక్సికో, 1932-33లలో దక్షిణ అమెరికా. కంచరగాడిదపై కనుమలు దాటెను. సంతలలో రైతుల సంచులు విప్పించి పిడికెడేసి గింజలు కొనెను. నిద్ర తక్కువ, నడక ఎక్కువ. పెక్కు భాషలు నేర్చి, ఏ దేశపు రైతుతోనైనను పొలము గట్టున నిలిచి మాటాడెడివాడు.

తొలి యాత్రల ఫలమే 1926లో వెలువడిన ఆయన గ్రంథము. అందలి భావమును మన అనుభవముతోనే చెప్పవచ్చును. ఒక ఇంటిపేరు గలవారు ఏ ఊరిలో శాఖోపశాఖలుగా మిక్కుటముగా ఉందురో, ఆ ఊరు వారి మూలస్థానమని మనము ఊహింతుము కదా. అట్లే ఒక పైరు ఏ సీమలో అత్యధిక భేదములతో కనబడునో, ఆ సీమ దాని పుట్టినిల్లు అని వావిలోవ్ అనెను. అట్టి కేంద్రములు లోకమున కొన్నియే కలవనియు, వానిలో భారతదేశ మొకటియనియు నిరూపించెను. వరి, కంది, పెసర, వంగ, చెరకు, మామిడి ఈ కేంద్రమునకు చెందినవిగా ఆయన లెక్కించెను. తరువాతి పండితులు కొన్ని పైరుల విషయమున ఆయన నిర్ణయములను దిద్దిరి. భేదములు మెండుగా నున్న చోటెల్ల జన్మస్థలము కాకపోవచ్చునని తేల్చిరి. ఐనను మూలభావము చెక్కుచెదరలేదు. 1940 నాటికి ఆయన సంస్థలో సేకరించిన విత్తన నమూనాలు సుమారు 2,50,000. అట్టి ధాన్యకోశము నాటికి లోకమున మరియొకటి లేదు.

ఇక విషాదపర్వము. సోవియట్ దేశమున పొలములను బలవంతముగా సమష్టి క్షేత్రములుగా మార్చిన పిమ్మట 1932-33లలో మహాక్షామము వచ్చి లక్షలాది ప్రాణములను హరించెను. పాలకులకు వెంటనే పంట కావలెను. కొత్త వంగడము తీయుటకు పది పండ్రెండేండ్లు పట్టునని వావిలోవ్ చెప్పెను. అదే సమయమున త్రోఫిమ్ లైసెంకో అను యువకుడు, విత్తనములను తడిపి చలిలో ఉంచినచో స్వభావము మారి దిగుబడి పెరుగుననియు, అట్లు వచ్చిన మార్పు సంతతికిని సంక్రమించుననియు చెప్పజొచ్చెను. అతనికి జన్యువులపై నమ్మకము లేదు. ఓపికతో చేయు పరీక్షలపై గౌరవము లేదు. వావిలోవ్ మొదట అతనిని ప్రోత్సహించెనను మాట సత్యము. కొత్తవాని పనిలో ఏదైన సారముండవచ్చునని ఎంచిన ఆ ఔదార్యమే ఆయనకు గొడ్డలిపెట్టయ్యెను.

స్టాలిన్ అనుగ్రహము లైసెంకోకు లభించెను. 1938లో అతడు వ్యవసాయ శాస్త్ర పరిషత్తునకు అధ్యక్షుడయ్యెను. ఆ పీఠమున తొలుత కూర్చున్నవాడు వావిలోవ్. 1937లో మాస్కోలో జరుగవలసిన అంతర్జాతీయ జన్యుశాస్త్ర మహాసభ రద్దయ్యెను. 1939లో ఎడింబరోలో అది జరిగినపుడు వావిలోవ్‌ను అధ్యక్షునిగా ఎన్నుకొనిరి. కాని ఆయన దేశము విడిచి పోవుటకు అనుమతి దొరకలేదు. సహచరులు ఒక్కొక్కరే అదృశ్యులగుచుండిరి. తన శాస్త్రము తప్పని ఒక్కమాట చెప్పినచో ఆయన బహుశః బ్రతికిపోయెడివాడు. ఆయన చెప్పలేదు.

1940వ సంవత్సరము ఆగస్టు 6వ తేదీన, పశ్చిమ ఉక్రేనియాలో మొక్కలు సేకరించుచుండగా ఆయనను నిర్బంధించిరి. వ్యవసాయమును చెడగొట్టెననియు, విదేశములకు గూఢచారియనియు నేరములు మోపిరి. నెలల తరబడి రాత్రులు నిద్రలేకుండ ప్రశ్నించిరి. 1941 జూలై 9వ తేదీన మరణశిక్ష విధించిరి. జర్మను సేనలు మాస్కోను సమీపింపగా ఖైదీలను తరలించుచు ఆయనను సరాతోవ్ చెరసాలకు చేర్చిరి. యువకుడై సిద్ధాంతము ప్రకటించిన నగరమే కారాగారమయ్యెను. మసూరు పైరుపై పరిశోధనలు చేసిన ఆయన భార్య యెలెనా, చిన్న కుమారునితో అదే నగరమున తల దాచుకొనియుండెను. భర్త మాస్కోలో ఉన్నాడని తలచి తినుబండారముల మూటలు అచ్చటికి పంపుచుండెను. ఆయన కొలది దూరమున ఆకలితో కృశించుచుండెను.

1942లో మరణశిక్షను ఇరువది యేండ్ల చెరగా మార్చిరి. ఆ యేడే లండనులోని రాయల్ సొసైటీ ఆయనను విదేశ సభ్యునిగా ఎన్నుకొనెను. ఆ గౌరవము ఆయనను కాపాడలేదు. 1943వ సంవత్సరము జనవరి 26వ తేదీన, ఏబదియైదేండ్ల ప్రాయమున, తిండి లేక శుష్కించి ఆయన కన్నుమూసెను. నలుగురితోపాటు మట్టిలో కలిపిరి.

ఆ దినములలోనే లెనిన్‌గ్రాడు నగరమును శత్రువులు ముట్టడించియుండిరి. 1941 సెప్టెంబరునుండి 1944 జనవరి వరకు సాగిన ఆ దిగ్బంధమున లక్షలాది పౌరులు ఆకలిచావు చచ్చిరి. వావిలోవ్ సంస్థలో టన్నులకొలది ధాన్యముండెను. కావలియున్న శాస్త్రజ్ఞులు అందులో ఒక్క గింజయు నోట వేసికొనలేదు. వరి విత్తనములను కాచుచుండిన ద్మిత్రీ ఇవానోవ్ వేలకొలది వరిగింజల పొట్లముల నడుమ ఆకలితో ప్రాణము విడిచెను. వేరుశనగను కాచిన షుకిన్, ఓట్సును కాచిన రొదీనా అట్లే గతించిరి. గురువు చెరలోను, శిష్యులు ధాన్యాగారమునందును, ఒకే ఆకలికి బలియైరి. అన్నము విలువ తెలిసిన జాతికి ఈ సంగతి వివరింప పనిలేదు.

1948లో లైసెంకో పలుకుబడిచే సోవియట్ దేశమున జన్యుశాస్త్రమునకే బహిష్కారము విధింపబడెను. పాఠ్యగ్రంథములనుండి మెండెల్ పేరు తొలగెను. అతని పద్ధతులు వాగ్దానము చేసిన పంటలు మాత్రము పొలములలో కనబడలేదు. 1955లో వావిలోవ్ నిర్దోషియని ప్రకటించిరి. 1965లో లైసెంకో ఆధిపత్యము తొలగెను. సంస్థకు తరువాత వావిలోవ్ పేరే పెట్టిరి.

నేటి జన్యుమార్పిడి పంటలకును ఈ చరిత్రకును గల సంబంధము దూరపుది కాదు. ప్రయోగశాలలో శాస్త్రజ్ఞుడు జన్యువును ఒక మొక్కనుండి వేరొక మొక్కకు మార్చగలడు. కాని జన్యువును శూన్యమునుండి సృష్టించుట అరుదు. అది ఎచ్చటనో, ఏదో జీవిలో ఉండవలెను. ఆకును మాడ్చి దుంపను కుళ్ళించు తెగులును తట్టుకొనుటకై, దక్షిణ అమెరికాలోని ఒక అడవి దుంపజాతి జన్యువును చేర్చిన బంగాళాదుంప గడచిన దశాబ్దమున అమెరికాలో అనుమతి పొందినది. అడవిలోని ఆ చుట్టమును కలుపని పెరికి పారవేసినచో నేడు తెచ్చుటకు జన్యువే లేదు.

మన దేశమున 2002లో బీటీ ప్రత్తికి అనుమతి లభించెను. నేలలోని ఒక సూక్ష్మజీవి జన్యువు చేర్చిన ఆ ప్రత్తిగింజల నూనె వంటలలోనికిని, పిండి పశువుల తొట్టిలోనికిని చేరినది. అదే జన్యువును వంగలో చేర్చి, కాయతొలుచు పురుగునకు విరుగుడుగా బీటీ వంకాయను సిద్ధము చేసినపుడు వాదము రేగెను. హైదరాబాదుతో కూడ ఏడు నగరములలో బహిరంగ సభలు జరిగెను. 2010 ఫిబ్రవరి 9వ తేదీన కేంద్రమంత్రి జైరామ్ రమేశ్ దానిని నిలిపివేసెను. వంగకు భారతదేశము పుట్టినిల్లనియు, ఇచ్చటి నానావిధ వంగజాతులు కలుషితము కారాదనియు చెప్పుట అందుకు చూపిన కారణములలో ఒకటి. వావిలోవ్ గీచిన పటమే ఆ సభలలో సాక్ష్యము పలికినదనవచ్చును. పురుగుమందుల చల్లకము తగ్గునని వాదించినవారును లేకపోలేదు. బంగ్లాదేశము 2013లో అదే వంకాయకు అనుమతి ఇచ్చి, మరుసటి యేడు రైతులచేత నాటించెను.

వావిలోవ్ జీవించియున్నచో ఏ పక్షమున నిలిచెడివాడో ఊహించుట మనకు తగదు. ఆయన జీవితము నేర్పు పాఠములు మాత్రము రెండు. పాత విత్తును పోగొట్టుకొన్న జాతి కొత్త విత్తును తీయలేదు. కావున రైతు గాదెలోని నాటు వంగడము ఏ ప్రయోగశాలకును తీసిపోని సంపద. రెండవది, విత్తు మంచిదో చెడ్డదో చెప్పవలసినది పొలమును, పరీక్షయు, నిర్భయమైన చర్చయు గాని, సింహాసనమును, జయజయధ్వానమును కాదు. కొత్త పంటను కీర్తించువారును, దానిని ద్వేషించువారును ఈ మాటను సమానముగ మనసున ఉంచుకొనవలెను. ఆ న్యాయము తప్పిన దేశమున లోకమునకు అన్నము పెట్టదలచినవాడు అన్నము లేక మరణించెను. మన కంచములోని ప్రతి మెతుకు వెనుక అట్టివారి ఋణము కొంత కలదు.