చూపు గుట్టు విప్పిన ఇబ్నుల్ హైసమ్

ఇరాక్‌లోని బస్రాలో హిజ్రీ 354 (క్రీ.శ. 965) ప్రాంతంలో జన్మించిన ఇబ్నుల్ హైసమ్ దృష్టిశాస్త్రానికి పునాది వేసిన మహా మేధావి. నైలు వరదను అదుపు చేయవచ్చన్న ఆయన ఆలోచన విని ఫాతిమీ ఖలీఫా అల్ హాకిమ్ ఆయన్ని ఈజిప్టుకు పిలిపించాడు. అస్వాన్ ప్రాంతానికి వెళ్లి చూశాక ఆ పని సాధ్యం కాదని ఆయనకు అర్థమైంది. ఖలీఫా ఆగ్రహానికి భయపడి పిచ్చివాడిలా నటించారని, 1021లో ఖలీఫా అదృశ్యమయ్యేదాకా నిర్బంధంలోనే గడిపారని చరిత్రకారులు రాశారు. తర్వాత కైరోలో అల్ అజ్హర్ మసీదు సమీపంలో ఉంటూ, గణిత గ్రంథాలకు ప్రతులు రాసి అమ్ముకుని జీవించారు.

ఏడు భాగాల కితాబుల్ మనాజిర్ ఆయన ప్రధాన గ్రంథం. కంటి నుంచి కిరణాలు వెళ్లి వస్తువును తాకుతాయని యూక్లిడ్, టాలమీ చెప్పారు. వారంటే ఆయనకు గౌరవమే. కానీ పరీక్షించనిదే ఏ మాటా ఒప్పుకోలేదు. సూర్యుణ్ణి చూస్తే కన్ను నొప్పి పెడుతుంది. కాబట్టి వెలుగే బయటి నుంచి కంట్లోకి వస్తోందని వాదించారు. గ్రహణ సమయంలో సూర్యకాంతి సన్నని రంధ్రం గుండా చీకటి గదిలో పడితే నెలవంక రూపం కనిపిస్తుందని, రంధ్రం పెద్దదైతే ఆ రూపం చెదిరిపోతుందని మరో గ్రంథంలో వివరించారు. ఒక చోటి వెలుగు మరో చోటి వెలుగుతో కలగలిస్తే బొమ్మ చెడుతుందన్నమాట.

ఈ సూత్రం నేడు మన ఇళ్లకూ అవసరమే. ఉప్పల్‌లో ఉన్నా, నాచారం పారిశ్రామికవాడలో పనిచేస్తున్నా, షుగర్ ఉన్నవారి కంటి వెనుక పొర నొప్పి తెలియకుండానే దెబ్బతినవచ్చు. దాన్ని ముందే పట్టి ఇచ్చేది రెటీనా ఫొటో. అది మసకగా ఉంటే చిన్న రక్తపు మచ్చ డాక్టరు దృష్టికి రాదు. సాధారణంగా ఈ కెమెరా వెలుగు కంటిపాప అంచుల నుంచి లోపలికి వెళ్తుంది. రెటీనా బొమ్మ మధ్యలో నుంచి బయటికి వస్తుంది. రెండు దారులూ కలిస్తే కంటి ముందు పొర మెరుపు బొమ్మను కప్పేస్తుంది. చుక్కల మందు వేసి కంటిపాపను పెద్దది చేసేది రెండు దారులకూ చోటు దొరకడానికే. ఆకుపచ్చ వెలుగులో తీస్తే రక్తనాళాలు మరింత స్పష్టంగా కనిపిస్తాయి. తర్వాత కంప్యూటర్ బొమ్మకు మెరుగులు దిద్దగలదు. కానీ ఫొటోలో పడని మచ్చను నమ్మకంగా చూపలేదు.

కనుక షుగర్ ఉన్న పెద్దలకు ఏటా ఈ పరీక్ష చేయించండి. చుక్కలు వద్దని మారాం చేస్తే నచ్చజెప్పండి. కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది. ఉప్పల్ రింగు రోడ్డు రద్దీలో వారిని స్కూటరు నడపనివ్వక, ఎవరైనా తోడు వెళ్లండి.

ఇబ్నుల్ హైసమ్ 1040 ప్రాంతంలో కైరోలో కన్నుమూశారు. లాటిన్‌లోకి వెళ్లిన ఆయన గ్రంథం 1572లో బాసెల్‌లో అచ్చయి, యూరప్ పండితులకు పాఠమైంది.