మారుపేర్ల చాటున నిలువెత్తు నిజం
నవ్విస్తూనే ఏలికలను నిలదీసిన సురవరం

అలంపూర్: పత్రిక ఒక్కటే. రాసే చెయ్యి కూడా చాలాసార్లు ఒక్కటే. పేర్లు మాత్రం అనేకం. ఒక పేరుతో వ్యంగ్యం, మరో పేరుతో విమర్శ, అసలు పేరుతో సంపాదకీయం. గోలకొండ పత్రిక పుటల్లో ఇన్ని రూపాలు ధరించిన అక్షరయోధుడు సురవరం ప్రతాపరెడ్డి పాలమూరు బిడ్డ కావడం ఈ ప్రాంతానికి గర్వకారణం.

అలంపూర్ ప్రాంతంలోని ఇటికాలపాడు ఆయన స్వగ్రామం. 1896 మే 28న బోరవెల్లిలో జన్మించారు. కర్నూలు, హైదరాబాదు, మద్రాసులలో చదువుకుని న్యాయశాస్త్ర పట్టా పొందారు. వకీలుగా స్థిరపడి సంపాదించుకునే అవకాశం ఉన్నా ఆయన మనసు అక్షరంపైనే నిలిచింది.

నోరు మెదపలేని కాలం

నిజాం రాజ్యంలో అవి గడ్డురోజులు. ప్రజల్లో అత్యధికుల భాష తెలుగు, కన్నడం, మరాఠీ కాగా రాజభాషగా ఉర్దూ చెలామణీ అయ్యేది. ముందస్తు అనుమతి లేనిదే సభ జరుపుకొనే వీలు లేకుండా పోయింది. అటువంటి వాతావరణంలో 1926 మే 10న గోలకొండ పత్రిక వెలువడింది. వారానికి రెండుసార్లు వచ్చే ఆ పత్రికకు రచనలు సమకూర్చడం మొదలు అచ్చుతప్పులు దిద్దడం వరకు భారమంతా సురవరమే మోశారు. భావకవి రామమూర్తి తదితర మారుపేర్లతో విరివిగా రాశారు. పాఠకుడికి పలువురు రచయితలు కనిపించినా వారందరి వెనుక ఉన్నది తరచూ ఆయన ఒక్కరే. ఎవరికీ హాని చేయని ఆ మాయ తెలుగు చదువరులను పెంచింది.

కొత్వాళ్ల కథ

కోస్తాలో గురజాడ అప్పారావు కన్యాశుల్కం నాటకంతో పెద్దమనుషుల కపటాన్ని నవ్వుల పాలు చేశారు. ఇక్కడ ఆ పనిని సురవరం మొగలాయి కథలు చేశాయి. వాటిలో గ్యారా కద్దూ బారా కొత్వాల్ ప్రసిద్ధం. అమ్మకానికి తెచ్చిన కద్దూలు పదకొండు, వాటి కోసం కాచుకున్న కొత్వాళ్లు పన్నెండుగురు. దోపిడీకి గురైన సామాన్యుడు చివరికి తానే అధికారి వేషం కట్టి వసూళ్లకు దిగితే అడిగే నాథుడే ఉండడు. అధికారానికీ మోసానికీ మధ్య ఉన్న తెర ఎంత పలుచనో ఈ కథ తేటతెల్లం చేస్తుంది.

విశేషమేమంటే, సురవరాన్ని రెడ్డి హాస్టల్ కార్యదర్శి బాధ్యతలకు పిలిచి ప్రోత్సహించింది రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి. ఆయనా పాలమూరు వాసే, హైదరాబాదు నగర కొత్వాలు కూడా. ఒక కొత్వాలు ఆదరణ పొందిన కలమే కొత్వాళ్ల దుర్మార్గాన్ని ఎండగట్టింది.

లేరన్నవారికి 354 జవాబులు

తెలంగాణలో తెలుగు కవులు లేరన్న మాట ఆయనను కలచివేసింది. ఆవేశపడి తిట్టి ఊరుకోలేదు. ఊరూరా కవుల వివరాలు, పద్యాలు సేకరించి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. అందులో చోటు చేసుకున్నవారు 354 మంది. తనకు పలు పేర్లు పెట్టుకున్న సంపాదకుడు, పేరే లేదన్న ప్రాంతానికి వందల పేర్లు సంపాదించి పెట్టారు. తన గుర్తింపును చాటున ఉంచి ఇతరుల గుర్తింపును వెలికితీయడమే ఆయన జీవితంలోని చమత్కారం.

1930లో జోగిపేటలో జరిగిన తొలి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభకు ఆయనే అధ్యక్షులు. 1952 ఎన్నికల్లో వనపర్తి నుంచి హైదరాబాదు శాసనసభకు ఎన్నికయ్యారు. పదవిలో ఏడాదిన్నర గడవకుండానే 1953 ఆగస్టు 25న కన్నుమూశారు.

కన్నుమూశాక కీర్తి

1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర ఆయన కృషికి పరాకాష్ఠ. రాజుల యుద్ధాలు కాక జనం తిండి, బట్ట, ఆటపాటలు, ఆచారాలే చరిత్ర అని నిరూపించిన గ్రంథమది. 1955లో తెలుగుకు దక్కిన తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ఈ గ్రంథానికే లభించింది. అందుకోవడానికి ఆయన లేరు. హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయానికి సురవరం పేరు పెట్టే బిల్లును తెలంగాణ శాసనసభ 2025లో ఆమోదించింది.

మారుపేర్లతో తనను తాను దాచుకున్న మనిషి అసలు పేరు నేడు విద్యాలయం నుదుటికెక్కింది. పేరుతో పాటు ఆయన పుస్తకాలూ పల్లె గ్రంథాలయాలకు చేరితేనే ఆ గౌరవానికి నిండుదనం.