బ్యాంకు ఉద్యోగుల కోసం మంత్రి పదవి వదిలిన గిరి గారు

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమని కార్యదర్శి గారు కోరగానే నాకు శ్రీ వరాహగిరి వెంకటగిరి గారు గుర్తుకు వచ్చారు. రాష్ట్రపతిగా వారిని అందరూ ఎరుగుదురు. బ్యాంకు గుమాస్తాల కోసం మంత్రి పదవి వదిలిన గిరి గారిని మన పిల్లలు ఎరగరు.

వారు 1894 ఆగస్టు 10న బరంపురంలో తెలుగు కుటుంబంలో జన్మించారు. తండ్రి జోగయ్య పంతులు గారు పేరున్న వకీలు. 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్ళి, ఐరిష్ స్వాతంత్ర్య పోరాటం వైపు ఆకర్షితులయ్యారు. 1916 తిరుగుబాటు తర్వాత అక్కడి ప్రభుత్వం వెళ్ళిపొమ్మంది. బరంపురంలో ప్రాక్టీసు పెట్టి, సహాయ నిరాకరణలో దాన్నీ వదిలి జైలుకు వెళ్ళారు.

వారికి అసలైన బడి బెంగాల్ నాగపూర్ రైల్వే. (మన జగిత్యాల, కోరుట్లలకు రైలు ఈ శతాబ్దంలోనే వచ్చింది లెండి!) ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో తెలుగు, బెంగాలీ, ఒరియా, హిందీ వాళ్ళు పక్కపక్కనే పని చేసేవారు. యూరోపియన్లకూ ఆంగ్లో ఇండియన్లకూ ఒక జీతం, మిగతావారికి ఇంకొకటి. ఇన్ని భాషలవారిని ఒక్క యూనియన్‌లో నిలబెట్టి, 1920ల చివర ఉద్యోగాల కోతపై శాంతియుతంగా సమ్మె నడిపించారు గిరి గారు.

యాజమాన్యమూ కార్మికుడూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలి, బయటివారి తీర్పు కోసం ఎదురుచూడరాదు అన్నది వారి పద్ధతి. 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యాక కూడా ఆ మాట మీదే ఉన్నారు. 1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాలపై లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం తగ్గించి సవరించింది. గిరి గారు రాజీనామా చేశారు. ట్రిబ్యునళ్ళంటే ఇష్టం లేని మనిషి ట్రిబ్యునల్ తీర్పు కోసం పదవి వదలడం వింతగానే ఉంటుంది. కానీ ఇచ్చిన తీర్పును సర్కారే కత్తిరిస్తే ఉద్యోగి ఎవరిని నమ్మాలి? ఆ తర్వాత గజేంద్రగడ్కర్ కమిషన్ వచ్చింది, 1955లో చట్టం వచ్చింది. 1966లో మన తొలి ద్వైపాక్షిక ఒప్పందం కుదిరింది. అది గిరి గారు కోరిన దారే.

1969 జూలై 19న 14 బ్యాంకుల జాతీయకరణ ఆర్డినెన్సుపై సంతకం చేసిందీ తాత్కాలిక రాష్ట్రపతిగా ఉన్న గిరి గారే. మర్నాడే ఆ పదవికి రాజీనామా చేసి, సాటి తెలుగువారు నీలం సంజీవరెడ్డి గారితో పోటీపడి రాష్ట్రపతిగా గెలిచారు.

ఆ సంతకం ఫలితాన్ని నేను జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల శాఖల్లో కళ్ళారా చూశాను. అంతకుముందు వ్యాపారులకే అలవాటైన కౌంటరు ముందుకు రైతులు, బీడీలు చేసే ఆడవాళ్ళు, దుబాయి డ్రాఫ్టులు పట్టుకొచ్చిన ముసలి తల్లిదండ్రులు వచ్చారు. కౌంటరు వెనకా మార్పే. రిజర్వేషన్ మీద వచ్చిన దళిత యువకుడు, కోస్తా నుంచి వచ్చిన అమ్మాయి, ఉర్దూలో మాట్లాడే క్యాషియర్ ఒకే టేబుల్ దగ్గర టిఫిన్ డబ్బాలు విప్పేవారు. మొదట్లో ఎడముఖం పెడముఖం కూడా ఉండేది, లేదనను. కానీ గల్ఫ్ ఉత్తరం చదవాలంటే ఒకరు, వాడలో అప్పు ఎవరికి అవసరమో చెప్పాలంటే మరొకరు కావలసి వచ్చేది.

సిరిసిల్లలో సాంచెలకు అప్పు ఎవరికివ్వాలో మేనేజరు మమ్మల్నే కూర్చోబెట్టి అడిగిన ఏడాది, ఆదివారం కూడా కార్ఖానాలకు వెళ్ళి చూసి వచ్చాం. ఓవర్‌టైం ఊసే లేదు. మరో చోట లోన్‌మేళా టార్గెట్లు పైనుంచి కాగితం మీద దిగాయి. కాగితం మీదే నింపి పంపాం. అదే పేదవాడి అప్పు, అదే సిబ్బంది. మమ్మల్ని అడిగారా లేదా అన్నదే తేడా.

గిరి గారు 1975లో భారతరత్న అందుకుని, 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు. 1993లో చర్చల బల్ల మీదే మన పింఛను ఒప్పందం కుదిరి, 1995లో నిబంధనలయ్యింది. 2024 మార్చి 8 నాటి 12వ ద్వైపాక్షిక ఒప్పందంలో మనకు దక్కింది నెలవారీ ఎక్స్‌గ్రేషియా మాత్రమే, పింఛను సవరణ కాదు. ఆ బల్ల దగ్గర యాజమాన్యాలకు కుర్చీలున్నాయి, పనిలో ఉన్న ఉద్యోగుల సంఘాలకు ఉన్నాయి. రిటైరైన వారికి లేదు.