కులం పోయింది, కీర్తన మిగిలింది: పురుషోత్తమ చౌదరి గారి కథ

ఈ వారం వీడియోలో మనం తలుచుకున్నది అన్నమయ్యని కాదు, రామదాసుని కాదు. క్రైస్తవ కీర్తనకారుడు పురుషోత్తమ చౌదరి గారిని. మన చానెల్లో ఈయనేంటి అని కొందరికి అనిపించే ఉంటుంది. నాకైతే ఇందులో వింతేం లేదు. చిన్నప్పుడు మా శ్రీకాకుళంలో ఆదివారం పొద్దున్నే చర్చి వైపు నుంచి పల్లవి, చరణాలు, తాళాల చప్పుడు వినిపిస్తే ఎక్కడో భజన జరుగుతోంది అనుకునేవాణ్ణి. అందులో చాలా పాటలు ఈయనవేనని పెద్దయ్యాకే తెలిసింది.

1803లో పర్లాకిమిడి దగ్గర మదనపురంలో పుట్టారు. వంగదేశం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన బ్రాహ్మణ కుటుంబం. తండ్రి పేరు కూర్మనాథ చౌదరి, తల్లి సుభద్ర. ఆ పేర్లు చూడండి! తండ్రి పేరులో మన శ్రీకూర్మం ఉంది, తల్లి పేరులో పూరీ ఉంది. ఇక పురుషోత్తముడంటే సాక్షాత్తూ జగన్నాథుడే. అలాంటి ఇంట్లో పుట్టిన మనిషి 1833లో, ముప్పై ఏళ్ల వయసులో, పూరీకి దగ్గర్లోనే ఉన్న కటకంలో బాప్తిస్మం తీసుకున్నారు.

ఆ రోజుల్లో అదేమీ చిన్న విషయం కాదు. కులం పోయింది. అయినవాళ్లు దూరమయ్యారు. భార్య రాధామణి గారు కూడా మొదట్లో ఆయన వెంట రాలేదు, తర్వాతెప్పుడో వచ్చి కలిశారు. వాళ్ల వైపు నుంచి ఆలోచిస్తే వాళ్ల బాధా నిజమే కదా. కొడుకు ఉండగానే లేకుండా పోయినట్టు అనిపించి ఉంటుంది.

ఇంత పోగొట్టుకున్న మనిషి ఏం చేయాలి? కూర్చుని ఏడవాలి, లేదా వదిలొచ్చిన వాళ్ల మీద కోపం పెంచుకోవాలి. ఈయన కీర్తనలు కట్టారు. నూట ముప్పైకి పైగా!

క్రైస్తవుల దగ్గర సంతోషం గురించి ఒక గట్టి నమ్మకం ఉంది. అది మంచి రోజు వస్తే కలిగేది కాదు, మనిషి పట్టుకుని వదలకుండా ఉండాల్సింది. పౌలు జైల్లో ఉండి ఫిలిప్పీ ఊరివాళ్లకి రాసిన ఉత్తరంలో మళ్లీ మళ్లీ చెప్పేది ఆనందించమనే. మన రామదాసు కూడా గోల్కొండ జైల్లో పాడాడు. కాకపోతే ఆయన రాముణ్ణి నిలదీశాడు, పెట్టిన ఖర్చుకి లెక్కలడిగాడు. నాకు రామదాసే దగ్గరగా అనిపిస్తాడు, దాచడం ఎందుకు! కానీ నిలదీయడం కష్టమున్న రోజు సంగతి. బాప్తిస్మం తర్వాత చౌదరి గారు ఇంకో 57 ఏళ్లు బతికారు. అన్నేళ్లూ ఒకే సంతోషాన్ని పట్టుకుని ఉండటం వేరే రకం కష్టం. ఆయన పాటల్లో పశ్చాత్తాపం ఉంది, కరుణించమని వేడుకోలూ ఉంది. ఆయన సంతోషం వాటిని పక్కకి నెట్టేసింది కాదు, వాటితోనే కలిసి నడిచింది.

నన్ను ఎక్కువగా పట్టేసింది ఇంకోటి. ఆ సంతోషాన్ని చెప్పుకోడానికి ఆయన పరాయి బాణీలు వెతుక్కోలేదు. ఇంటిని వదులుకున్నారు గానీ రాగం, తాళం వదల్లేదు. పర్లాకిమిడి, శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల్లో ప్రచారం చేస్తూ, పాడుతూ, 1890లో కన్నుమూశారు.

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఎక్కడైనా దొరికితే ఒకసారి తెరవండి. పాట పైన రాగం పేరు, తాళం పేరు ఉంటాయి, అచ్చం మన ఇళ్లలో ఉండే కీర్తనల పుస్తకాల్లో లాగే. శ్రీకాకుళం వైపు వస్తే ఆదివారం పొద్దున ఏదైనా పాత చర్చి బయట కాసేపు ఆగండి. పల్లవి అయ్యి చరణం ఎక్కడ అందుకున్నారో మీకే తెలిసిపోతుంది.