సూర్యరాణి మేరియా టెల్కెస్

బళ్ళారి ఎండను గూర్చి మనవారికి ఒకరు చెప్పనక్కరలేదు. తుంగభద్ర నీటిని నమ్ముకొని కృష్ణా, గోదావరి జిల్లాల నుండి సిరుగుప్ప, కంప్లి ప్రాంతాలకు వచ్చి క్యాంపులు కట్టుకొన్న మన పెద్దలకు మొదట ఎదురైనది ఈ ఎండయే. ఈ సీమలోని పాతకాపులు మందమైన మట్టిగోడలు పెట్టి, పైన మట్టిమిద్దె వేసికొని ఎండను గడప అవతలనే నిలిపేవారు. ఇప్పుడు పలుచని గోడలు, కాంక్రీటు కప్పులు వచ్చాయి. పగలు తాగిన వేడిని అవి రాత్రి మన మంచాల మీద కక్కుతున్నాయి. గోడను లావు చేయకుండానే దానిలో వేడిని దాచే విద్యకు మొదట ఇల్లు కట్టి చూపిన మహిళ, మనవలెనే పుట్టినచోటు విడిచి దూరదేశం వెళ్ళినది కావున, ఆమె చరిత్ర మనం తెలిసికొనదగినది.

మేరియా టెల్కెస్ 1900 డిసెంబరు 12న హంగేరీ రాజధాని బుడాపెస్టులో జన్మించింది. అక్కడి విశ్వవిద్యాలయంలో భౌతిక రసాయనశాస్త్రం చదివి 1924లో డాక్టరు పట్టం పొందింది. మరుసటి సంవత్సరం అమెరికా వెళ్ళి, క్లీవ్‌లాండులోని ఒక వైద్యసంస్థలో పరిశోధకురాలుగా చేరింది. 1937లో ఆ దేశపు పౌరసత్వం పుచ్చుకొన్నది. 1939లో మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయంలో సూర్యశక్తి పరిశోధనకు నియమింపబడింది. యుద్ధకాలంలో, ఓడ మునిగి సముద్రం మీద చిక్కుకొన్న నావికుల కోసం ఎండతో ఉప్పునీటిని మంచినీరుగా మార్చే తేలిక సాధనం కల్పించింది.

ఆమె పేరు దేశమంతా పాకింది మాత్రం డోవర్ ఇంటితో. ఆ ఇంటి కిటుకు మన వంటింట్లోనే ఉన్నది. గ్లాసులోని నీళ్ళలో మంచుముక్క ఉన్నంతసేపూ నీళ్ళు వేడెక్కవు. వచ్చిన వేడినంతా మంచు కరగడానికి మింగివేస్తుంది. కొబ్బరినూనె చలికి గడ్డకట్టి ఎండకు కరగడం కూడ ఇటువంటిదే. కరిగేటప్పుడు మింగిన వేడిని, గడ్డకట్టేటప్పుడు ఆ పదార్థం తిరిగి ఇస్తుంది. పూర్వం విరేచనానికి ఇచ్చే గ్లాబర్ లవణం 32 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర కరుగుతుంది. ఒక కిలో లవణం కరగడానికి పట్టే వేడితో సుమారు 30 కిలోల ఇటుకను పది డిగ్రీలు వేడెక్కించవచ్చు. మందపు గోడ బరువుతో చేసే పనిని కొద్దిపాటి ఉప్పు కరిగి చేస్తుందన్నమాట.

విద్యాలయంలోని పెద్దలకు ఈ ఉప్పుమీద నమ్మకం కుదరలేదు. మేరియా వెనుకంజ వేయలేదు. అమేలియా పీబాడీ అనే శిల్పిని ధనసహాయానికి, ఎలినార్ రేమండును ఇంటి నమూనాకు ఒప్పించి, 1948లో డోవర్ గ్రామంలో ఇల్లు లేపింది. దక్షిణాన పై అంతస్తున గాజుపలకలు, గదుల గోడల నడుమ సుమారు 21 టన్నుల లవణం. గాజు వెనుక వేడెక్కిన గాలిని పంకాలతో ఉప్పుడబ్బాల మీదికి తోలేవారు. ఆమె బంధువుల కుటుంబమే అందులో కాపురముండి మంచుకాలం గడిపింది.

రెండు చలికాలాలు బాగా జరిగాయి. తరువాత ఇబ్బంది పుట్టింది. కరిగిన లవణంలో బరువైన భాగం అడుగుకు దిగి, తిరిగి నీటితో కలవక, మునుపటివలె గడ్డకట్టడం మానింది. డబ్బాలు తుప్పుపట్టి కారాయి. చివరకు ఆ ఇంటికి మామూలు చమురుపొయ్యి పెట్టవలసివచ్చింది. 1953లో ఆమె విద్యాలయాన్ని విడిచింది.

మరొకరైతే అంతటితో చాలించేవారు. ఆమె న్యూయార్కు చేరి, ఎండ పుష్కలంగా ఉండి వంటచెరకు కరవైన దేశాలకోసం ఎండపొయ్యి తయారుచేసింది. లవణం గడ్డకట్టడానికి కొద్దిగా వెలిగారం కలిపితే చాలునని, అడుగుకు దిగకుండ బంకమన్ను వంటిది కలిపి చిక్కబరచాలని ఏళ్ళ తరబడి శ్రమించి కనుగొన్నది. 1973లో డెలావేర్ విశ్వవిద్యాలయం కట్టిన సౌరగృహంలోనూ ఆమె చేయి ఉన్నది. పత్రికలవారు ఆమెను సూర్యరాణి అన్నారు. డెబ్బది ఏళ్ళ తరువాత కన్ననేలను చూడబోయి, 1995 డిసెంబరు 2న బుడాపెస్టులోనే కన్నుమూసింది.

నేడు మైనం వంటి పదార్థాలను సూక్ష్మమైన గుళికలలో బంధించి గోడపూతలో, పలకలలో కలుపుతున్నారు. పగటి వేడిని గోడయే మింగితే శీతలయంత్రానికి పని తగ్గుతుంది, కరెంటు మిగులుతుంది. అయితే ఒక నియమం. రాత్రి చల్లగాలి తగిలి ఆ మైనం మరల గడ్డకట్టాలి. లేకుంటే మరునాటి ఎండను మింగలేదు. మన ఊళ్ళలో వేసవిన అర్ధరాత్రి దాటితేగాని గాలి చల్లబడదు గనుక, తగిన డిగ్రీ దగ్గర కరిగే పదార్థం ఎంచుకొని, తెల్లవారుజామున కిటికీలు తెరవడం ఇక్కడ ముఖ్యం.

కట్టిన ఇల్లు ఒకసారి తప్పినంత మాత్రాన పట్టిన ఆలోచన తప్పు కాదని మేరియా జీవితం చెబుతున్నది. క్యాంపులలో మొదటి పైరు పోయినా రెండవసారి నారు పోసిన మనవారికి ఈ మాట కొత్తది కాదు. మన ఆడపిల్లలలో రసాయనశాస్త్రం చదివేవారు ఈ ఎండకు తగిన గోడను ఈ నేలమీదనే కనుగొందురుగాక.